పన్నెండు ఇస్తే సున్నా విన్నది

హానుస్ రాసిన ఫోర్ట్రాన్‌లో
ఒక్క వివరణా లేదు.
అన్నీ పెద్దక్షరాలు, ప్రతి వరుసా ఏడో గడి నుంచి మొదలు,
ఊపిరి తీసుకోని వాక్యాలు.
డెబ్బై ఎనిమిదిలో
ఫారో దీవుల చుట్టూ తిరిగే నీటిని
పన్నెండు అలలుగా విడదీసి
ఒక సబ్‌రొటీన్‌లో మడిచి పెట్టాడు.
ఆ మడత మళ్ళీ ఎవరూ విప్పలేదు.
విప్పే అవసరం రాలేదు.

నాకు వచ్చింది.
నా పనంతా ఆక్టేవ్‌లో.
అక్కడ మాత్రికలు కోసిన రొట్టెలా చేతికందుతాయి,
గ్రాఫులు పిలిస్తే లేచి నిలబడతాయి.
కానీ నలభై ఏళ్ళు సముద్రంతో సరిపోయిన లెక్కని
తిరగరాసే ధైర్యం నాకెక్కడిది?
ఉన్నదాన్నే పిలుద్దామనుకున్నాను.

పిలవడమంటే
ఇద్దరి మధ్యా సీ భాషలో ఓ చిన్న గుమ్మం కట్టడం,
పేరు చివర ఒక అండర్‌స్కోరు తగిలించడం,
అది లేకపోతే పలకదు, ఎందుకని అడక్కండి,
విలువని చేతిలో పెట్టకుండా
అది కాపురముండే చిరునామా ఇవ్వడం.
ఫోర్ట్రాన్ ఎవరి చేతి నుంచీ ఏదీ పుచ్చుకోదు.
ఇల్లెక్కడో చెప్పు, నేనే వెళ్ళి చూసుకుంటానంటుంది.

చెప్పాను.
వెళ్ళింది, చూసుకుంది.
తోర్స్‌హావన్ రేవు గీత వచ్చింది, బల్లపరుపుగా.
సంతోషపడ్డాను.
మా రేవులో పోటు దాదాపు ఉండదు కదా,
దీవుల్ని చుట్టే అల
బండిచక్రం ఇరుసు దగ్గర తిరగనట్టు
ఇక్కడికొచ్చి ఊరుకుంటుంది,
పడవ తాళ్ళు పొద్దస్తమానం ఒకే బిగువున ఉంటాయి.
ఆ బొమ్మని గోడకి అంటించి
రూబార్బ్ జామ్ రాసుకుని రెండు రొట్టెలు తిన్నాను.

మర్నాడు వెస్ట్‌మన్నా నుంచి ఎయ్‌డున్ వచ్చాడు
నీళ్ళోడే కోటుతో.
తమ జలసంధి గీత ఏదని అడిగాడు.
చూపించాను.
అదీ బల్లపరుపే.
చాలాసేపు చూసి, కోటు విప్పకుండానే అన్నాడు:
"సోల్‌రున్, ఇదే నిజమైతే
మా నాన్న పడవ ఇంకా మాకుండేది."

ఆ రాత్రి గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నాను.
ఇటువైపు అచ్చు వేస్తే పన్నెండు.
అటువైపు అచ్చు వేస్తే సున్నా.
చెవిటివాడి ముందు శంఖమంటారే, అదీ కాదు.
చెవులున్నాయి. విన్నాడు.
వేరే మాట విన్నాడు.

హానుస్‌కి ఫోన్ చేశాను.
వెనక గొర్రెల అరుపులు, గాలి.
"ఎన్‌ని ఏం చేసి పంపావు?" అన్నాడు.
"సంఖ్యనే పంపాను."
"మా దగ్గర ఐ నుంచి ఎన్ దాకా
ఏ అక్షరంతో పేరు మొదలైనా పూర్ణాంకమే.
ఇంటిపేరు వినగానే వరస కలుపుకుంటాం,
మళ్ళీ అడగం."

అప్పుడర్థమైంది.
ఆక్టేవ్‌లో పన్నెండు కూడా
దశాంశాల వంశమే,
ఎనిమిది గదుల ఇల్లు దానికి.
మనిషి చివరి గదుల్లో పడుకునున్నాడు.
హానుస్ లెక్క ముందు నాలుగు గదులూ తొంగిచూసి
ఎవరూ లేరనుకుంది,
సున్నా అలల్ని శ్రద్ధగా కూడి
నున్నటి సముద్రాన్ని నా చేతికిచ్చింది.
ఎవరూ అబద్ధం చెప్పలేదు.
యంత్రం ఒక్క కేకా వెయ్యలేదు.
నేను రొట్టె తింటున్నాను.

మార్చింది ఒక్క వరుస.
పంపేముందు పన్నెండుని
నాలుగు గదుల్లోకి సర్దడం.
వెస్ట్‌మన్నా గీత ఒళ్ళు విరుచుకుని లేచింది,
దిగింది, మళ్ళీ లేచింది.
తోర్స్‌హావన్ గీత మాత్రం
దాదాపు అలాగే ఉంది.
గోడ మీది తప్పు పక్కన ఒప్పుని పెట్టి చూస్తే
తేడా గోరంత.
పాతదాన్ని చించలేదు. అక్కడే ఉంచాను.

ఎయ్‌డున్‌కి కొత్త గీత పంపాను.
బాగుందనలేదు, థాంక్స్ అనలేదు.
రాత్రి పదకొండింటికి ఒక్క వాక్యం వచ్చింది:
"నాలుగూ పదికి బయల్దేరుతున్నా."